అరవై దాటాక పేగుల్లోని బ్యాక్టీరియాను కాపాడుకోవడం ఎలా: పన్నెండు వారాల క్రమం

“నాన్నగారికి డెబ్బై దాటాయి, ఏ ప్రోబయోటిక్ క్యాప్సూల్ కొనమంటారు?” ఈ ప్రశ్న పాఠకులు రకరకాలుగా అడుగుతూనే ఉన్నారు. మేలుచేసే బతికున్న బ్యాక్టీరియాను నింపిన ఆ క్యాప్సూల్ సంగతి ఈ వ్యాసంలో చిట్టచివర వస్తుంది, ఎందుకంటే చేయాల్సిన పనుల్లో దాని స్థానం అదే. ముందు చూడాల్సింది ఆయన పళ్లెం.

క్రమం అర్థం కావాలంటే ఒక్క సంగతి తెలిస్తే చాలు. మనకు అరగని పీచు పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని తిని బ్యుటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధాన ఇంధనం ఆ బ్యుటిరేటే. పీచు తగ్గితే దాన్ని తయారుచేసే రకాలు తగ్గుతాయి, పొర బలహీనపడుతుంది, బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి చేరుతాయి. అప్పుడు ఒంట్లో సన్నని సెగలా ఇన్‌ఫ్లమేషన్, అంటే లోలోపలి వాపు, ఉండిపోతుంది. వయసుతో వచ్చే నీరసం, కండ తరగడం, షుగర్, గుండె జబ్బులు అన్నిటితోనూ దానికి సంబంధం ఉంది.

ఇది కేవలం వయసు వల్ల జరిగేది కాదు. ఐర్లాండ్‌లోని కార్క్ ప్రాంతంలో 178 మంది వృద్ధులను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, సొంత ఇళ్లలో ఉన్నవారికీ దీర్ఘకాలం సంరక్షణ కేంద్రాల్లో ఉన్నవారికీ పేగు బ్యాక్టీరియాలో స్పష్టమైన తేడా కనిపించింది. కేంద్రాల్లోని వారి తిండిలో రకాలు తక్కువ, బ్యాక్టీరియాలోనూ రకాలు తక్కువ, నీరసం ఎక్కువ. మన ఇళ్లలో పెద్దలు ఏ కేంద్రానికీ వెళ్లకుండానే ఆ స్థితికి చేరుతున్నారు. పళ్లు కదులుతాయి, ఆకలి తగ్గుతుంది, “అరగదేమో” అన్న భయం మొదలవుతుంది. చివరికి మిగిలేది మెత్తటి అన్నం, పలచటి చారు, పెరుగన్నం, టీలో ముంచిన బిస్కెట్టు. కుంచించుకుపోయిన ఆ పళ్లాన్ని మళ్లీ విశాలం చేయడమే ఇక్కడి పని. అరవై దాటినవారి విషయంలో దాన్ని నెమ్మదిగా చేయాలి.

## 1. మొదలుపెట్టే ముందు: ఎవరు ఆగాలి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు డాక్టరుతో మాట్లాడండి.

- మలంలో రక్తం, తారులాంటి నల్లటి మలం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, ఈమధ్యే కొత్తగా మొదలైన మలబద్ధకం లేదా విరేచనాలు. వీటికి తిండి మార్చి చూద్దాం అని కాలయాపన చేయకూడదు.
- కిడ్నీ జబ్బు. ఆకుకూరలు, పప్పులు, పండ్లలోని పొటాషియం ప్రమాదం కావచ్చు.
- గుండె వైఫల్యం వల్ల నీళ్లకు పరిమితి ఉండటం.
- వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలు. ఒకరోజు బుట్టెడు ఆకుకూర, మరునాడు ఏమీ లేకపోతే మందు లెక్క తప్పుతుంది.
- ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు. మార్పు చేసే వారాల్లో గ్లూకోమీటరు దగ్గరుండాలి.
- పేగు సన్నబడిందని చెప్పి ఉండటం, పేగులకు ఆపరేషన్ జరిగి ఉండటం.
- క్యాన్సర్ చికిత్స, అవయవ మార్పిడి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు.

## 2. మొదటి వారం: ఏమీ మార్చకండి, రాయండి

ఉత్సాహంతో చాలామంది దాటేసే మెట్టు ఇదే. ఇప్పుడున్న పరిస్థితి రాసుకోకపోతే నెల తర్వాత మేలు జరిగిందో లేదో తేలదు. ఒక నోటుపుస్తకంలో రోజూ ఈ నాలుగు రాయండి.

- ఏం తిన్నారు, ఎంత తిన్నారు. “టిఫిను” అని రాస్తే సరిపోదు, “రెండు ఇడ్లీలు, పల్లీ చట్నీ” అని రాయాలి.
- మలం తీరు. డాక్టర్లు వాడే బ్రిస్టల్ పట్టికలో 1 అంటే గట్టి ఉండలు, 7 అంటే నీళ్లు. 3, 4 ఉంటే బాగున్నట్టు.
- కడుపుబ్బరం ఉందా, ఏ వేళ వచ్చింది.
- వేసుకున్న మందులన్నీ. ఎవరూ రాయకుండానే షాపులో కొన్నవి కూడా.

వారం చివర ఆ ఏడు రోజుల్లో తిన్న వేర్వేరు మొక్కల ఆహారాలు ఎన్నో లెక్కపెట్టండి: ధాన్యాలు, పప్పులు, కూరలు, ఆకులు, పండ్లు, గింజలు. పోపులో పడ్డ నాలుగు ఆవాలను లెక్కలో వేసి మిమ్మల్ని మీరే మోసం చేసుకోకండి. వారానికి 30కి పైగా రకాలు తినేవారి పేగుల్లో, 10 కన్నా తక్కువ తినేవారితో పోలిస్తే బ్యాక్టీరియా వైవిధ్యం ఎక్కువగా ఉందని 2018లో వేలమందిపై జరిగిన ఒక అమెరికన్ పరిశీలన చూపింది. 30 పవిత్రసంఖ్యేమీ కాదు. ఎనిమిది దగ్గర ఉన్నవారు పదహారుకు చేరినా పెద్ద మార్పే.

ఈ వారంలోనే బరువు కూడా చూసి రాసిపెట్టండి. దీని అవసరం ఏడో విభాగంలో వస్తుంది.

## 3. రెండు, మూడు వారాలు: నోరు, నీళ్లు, మజ్జిగ

పీచు పెంచే ముందు దాన్ని నమిలే నోరు, దానితోపాటు వెళ్లే నీళ్లు సిద్ధంగా ఉండాలి. కదులుతున్న పన్ను, సరిపోని కట్టుడుపళ్ల సెట్టు ఉంటే ముందు పళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. వయసు పైబడ్డాక దాహం సరిగా తెలియదు కనుక అడిగితే ఇవ్వడం కాకుండా వేళకు గ్లాసు చేతికివ్వాలి. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు తగ్గించేవారికి ఎక్కువ భాగం సాయంత్రం ఐదులోపే తాగించండి.

తర్వాత మజ్జిగ. మధ్యాహ్నం భోజనంతో ఒక గ్లాసు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగుతో. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 36 మందిపై పది వారాలు జరిపి 2021లో ప్రచురించిన ప్రయోగంలో, పులిసిన ఆహారం పెంచినవారికి బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగి, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. వాళ్లు తిన్న మోతాదు రోజుకు ఆరు వడ్డింపుల దాకా ఉంది, మన పెద్దలకు అంత పెట్టలేం. అయినా దిశ తెలుస్తోంది.

ఇక్కడ మన వంటింట్లో ఉన్న కొన్ని అపోహలు సరిచేసుకోవాలి.

ఇడ్లీ పిండి పులుస్తుంది, నిజమే. ఆవిరి మీద ఉడికేసరికి ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇడ్లీ మంచి ఆహారమే గానీ బతికున్న బ్యాక్టీరియా కోసం లెక్కించకండి. మజ్జిగ పులుసు మరిగిపోతుంది కనుక దానికీ అదే మాట. మజ్జిగ చారు చేస్తే పోపు చల్లారాక కలపండి. ఆవకాయ ఉప్పు, నూనె, ఆవపిండి మీద నిలిచేది, దాన్ని ప్రోబయోటిక్‌గా ప్రచారం చేయడం అన్యాయం. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దన్నది వైద్యుల మాట, బీపీ ఉన్న పెద్దలకు ఆవకాయ ముక్క రుచికే పరిమితం కావాలి. అంబలిలో పిండి ఉడికిపోతుంది, చల్లారాక కలిపే మజ్జిగే బతికున్న బ్యాక్టీరియాను తెస్తుంది.

చద్దన్నం పెట్టేవాళ్లు పద్ధతి తప్పకూడదు. అన్నం గిన్నెను రాత్రంతా పొయ్యిగట్టు మీద వదిలేసి పొద్దున పెరుగు కలిపితే అది ప్రమాదం. బియ్యంలో ఉండే ఒక బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గది వేడిలో పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. వండిన అన్నం గంటలోపు చల్లార్చి, కాచి గోరువెచ్చగా ఉన్న పాలు మునిగేలా పోసి, చెంచాడు పెరుగుతో వెంటనే తోడుపెట్టండి. ఎండాకాలంలో తోడుకున్నాక ఫ్రిజ్‌లోకి మార్చండి. జిగురు వచ్చినా, వాసన తేడాగా ఉన్నా పారేయండి. పోయేది కొద్ది డబ్బే.

## 4. నాలుగు నుంచి ఆరు వారాలు: పప్పుధాన్యాలు

మొత్తం క్రమంలో ఎక్కువ లాభం ఇక్కడే, ఎక్కువమంది వదిలేసేదీ ఇక్కడే. కారణం గ్యాస్.

ముందు లాభం చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు దాదాపు 3 గ్రాములు. కందిపప్పులో 9, పొట్టు తీయని పెసల్లో 17, పొట్టుతో ఉన్న శనగల్లో 25. ఇవన్నీ ఉడకని గింజల లెక్కలు. రోజుకు 2000 కేలరీలు తినేవారికి 30 గ్రాముల పీచు ఉండాలంటారు. అన్నం, పలచటి చారుతో ఆ దరిదాపులకు కూడా పోలేరు.

ఇక గ్యాస్. పప్పుల్లో ఉండే కొన్ని చక్కెరలను విడగొట్టే ఎంజైము మనిషికి లేదు. అవి నేరుగా పెద్దపేగుకు పోతాయి, బ్యాక్టీరియా తింటుంది, గ్యాస్ పుడుతుంది. కొంచెం గ్యాస్ అంటే పని జరుగుతోందన్నమాట. కడుపు రాయిలా బిగిసిందంటే మాత్రం మోతాదు మించింది.

చేసే పద్ధతి:

1. పెసలతో మొదలుపెట్టండి. తర్వాత అలసందలు, ఆపైన శనగలు. ఉలవలు, రాజ్మా చివరికి ఉంచండి.
2. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లతో కడిగి వండండి. ఆ చక్కెరల్లో కొంత భాగం ఇక్కడే పోతుంది.
3. వేళ్ల మధ్య నొక్కితే చిదిమిపోయేదాకా కుక్కర్‌లో ఉడికించండి. పలుకుగా ఉన్న గింజ పెద్దలకు వద్దు.
4. నాలుగో వారం రోజు విడిచి రోజు రెండు పెద్ద చెంచాలు, ఐదో వారం అదే మోతాదు రోజూ, ఆరో వారం అరకప్పు.
5. మధ్యాహ్నం పెట్టండి. రాత్రి పెడితే ఉబ్బరంతో నిద్ర పట్టదు, మరునాడు మీ మాట వినరు.

ఇంగువ రుచికి వేసుకోండి, నానబెట్టడానికి అది బదులు కాదు.

పళ్లు లేనివారికి పొట్టు పెసలతో రుబ్బిన పెసరట్టు అన్నిటికన్నా తేలిక. మెత్తగా, పలచగా పోసి అల్లం చట్నీతో పెడితే మందు తింటున్నామన్న భావనే రాదు. శనగ గుగ్గిళ్లను మెదిపి పెట్టవచ్చు. ఉలవచారు మాత్రం జాగ్రత్త: ఉడికిన నీళ్లు తీసుకుని గింజలు గేదెకు వేస్తే పీచంతా గేదెకే పోయింది. గుప్పెడు ఉడికిన ఉలవలను రుబ్బి చారులో కలపండి.

## 5. ఏడు నుంచి తొమ్మిది వారాలు: బియ్యంలో కొంత మార్పు

జొన్నల్లో 100 గ్రాములకు దాదాపు 10 గ్రాముల పీచు ఉంది, రాగుల్లో 11. అన్నం మానిపించాల్సిన పనిలేదు. రోజుకు ఒక్క పూటలో మార్పు చాలు.

- నమలగలిగినవారికి రాత్రి ఒక జొన్నరొట్టె, పప్పులో నానేసి.
- నమలలేనివారికి జొన్న సంకటి, రాగి సంగటి, నానబెట్టిన జొన్నరవ్వతో ఉప్మా.
- ఏదీ ఒప్పుకోనివారికి తక్కువ పాలిష్ బియ్యం పావు వంతు కలిపి, ఇంకో కప్పు నీళ్లు ఎక్కువ పోసి వండిన అన్నం.

షుగర్ ఉన్నవారు రాగిజావను “మంచిదే కదా” అని పెద్ద గ్లాసుతో తాగుతారు. మెత్తటి పిండిని బాగా ఉడికించి పలచగా తాగితే గ్లూకోజ్ త్వరగా పెరుగుతుంది. సంగటిగా, పప్పుతో తింటే నయం. ఇంకొకటి: అన్నం అంతే తింటూ పైన రొట్టె చేర్చడం. ఇది మార్పిడి కావాలి, అదనం కాకూడదు.

చల్లారిన అన్నంలో అరగని పిండిపదార్థం కాస్త పెరుగుతుందన్నది నిజమే. పెరిగేది కొంచెమే. దానికోసం పెద్దవాళ్లకు చల్లటి అన్నం పెట్టి విసిగించకండి.

## 6. పది నుంచి పన్నెండు వారాలు: రకాలు పెంచడం

వారానికి రెండు కొత్త రకాలు, అంతకన్నా ఎక్కువ వద్దు. సంతకు వెళ్లినప్పుడు క్రితం వారం కొననిది ఒకటి, ఆ ముందు వారం కొననిది ఒకటి తెండి: గోరుచిక్కుడు, మునగాకు, అరటిదూట, చిలగడదుంప, పచ్చి అరటికాయ. పచ్చి అరటికాయలో బ్యాక్టీరియాకు పనికొచ్చే పిండిపదార్థం బాగా ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే పీచు కూడా వాటికి ఇష్టమైనదే. బాగా మగ్గిన జామపండును గింజలు తీసి చిదిమి పెట్టవచ్చు.

నువ్వులపొడి, కరివేపాకు పొడి, అవిసెగింజల పొడి పళ్లు లేనివారికి వరం. ఒక్కో ముద్దలో ఒక్కో రకం లెక్కకు చేరుతుంది, ఉప్పు మాత్రం సగం వేయండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దలకు తాజా కూరలు దొరకవని రకాలు తగ్గించనక్కర్లేదు. ఫ్రీజర్‌లోని మునగాకు, చిక్కుడుగింజలు పనికొస్తాయి. డబ్బా శనగలను రెండుసార్లు కడిగి వాడండి, ఉప్పు పోతుంది.

ఈ క్రమానికి పన్నెండు వారాలతో ముగింపు లేదు. ఐరోపాలోని ఐదు దేశాల్లో 65 నుంచి 79 ఏళ్ల 612 మందిపై జరిగిన పరిశీలన 2020లో వెలువడింది. కూరలు, పప్పులు, గింజలు, ఆలివ్ నూనె, చేప ఎక్కువగా ఉండే మధ్యధరా తీరపు తిండిని 12 నెలలు పాటించినవారి పేగుల్లో మార్పు కనిపించింది. నీరసం, ఇన్‌ఫ్లమేషన్ సూచికలు తగ్గడానికీ, జ్ఞాపకశక్తి వంటివి మెరుగుపడటానికీ ఆ మార్పుతో సంబంధం కనిపించింది. పన్నెండు వారాలు అలవాటు పడటానికి మాత్రమే.

## 7. బక్కపలచగా ఉన్న పెద్దలకు వేరే లెక్క

ఆకలి తక్కువ, బరువు తక్కువ ఉన్న పెద్దావిడకు భోజనానికి ముందు గ్లాసు మజ్జిగ, గిన్నెడు ఆకుకూర పెడితే కడుపు నిండిపోతుంది. అసలు తిండి తగ్గుతుంది. నెలకల్లా కండ తరుగుతుంది. పేగులకు మేలు చేయబోయి మనిషిని బలహీనం చేసినట్టవుతుంది.

వీరికి ప్రొటీన్ ముందు. వృద్ధులకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు అవసరమని నిపుణులు చెబుతున్నారు, అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములే ఉంటుంది. పళ్లెంలో గుడ్డు, చేప, ముద్దపప్పు ముందు తినాలి, కూర తర్వాత, మజ్జిగ చివర.

పక్షానికోసారి బరువు చూడండి. నెలలో రెండు కిలోలు తగ్గితే పీచు పెంచడం ఆపి డాక్టరును కలవండి. భోజనం తర్వాత పది నిమిషాల నడక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ఈ తిండికి తోడు ఉండాలి.

## 8. మందుల పెట్టె తెరవండి

గ్యాస్ మాత్ర అని మనవాళ్లు పిలిచే పాంటోప్రజోల్, రబిప్రజోల్, ఒమెప్రజోల్ కడుపులోని ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఆమ్లం తగ్గితే నోట్లో ఉండాల్సిన బ్యాక్టీరియా పేగుల దాకా చేరుతుంది, కొన్ని పేగు ఇన్‌ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఎందుకు వేసుకుంటున్నారో గుర్తులేని మాత్ర ఇదే అయి ఉంటుంది. ఇది ఇంకా అవసరమా అని డాక్టరును అడగండి. మీరే ఒక్కసారిగా ఆపకండి, మంట రెట్టింపుగా తిరిగొస్తుంది. పైగా ఆస్పిరిన్ లేదా నొప్పి మాత్రలు వాడేవారికి కడుపులో రక్తస్రావం కాకుండా దాన్ని రాసి ఉండవచ్చు.

జలుబుకు షాపులో యాంటీబయాటిక్ కొనడం పూర్తిగా మానండి. జలుబు తెచ్చేది వైరస్, చచ్చేది మీ పేగుల్లోని బ్యాక్టీరియా. డాక్టరు రాసినప్పుడు మాత్రం చెప్పినట్టే వాడాలి. వాడే రోజుల్లోనూ పప్పు, కూర, మజ్జిగ కొనసాగించండి. జ్వరంతో నీళ్ల విరేచనాలు వస్తే వెంటనే చూపించండి.

షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా పేగు బ్యాక్టీరియాను మారుస్తుంది, కొందరికి విరేచనాలు అవుతాయి. ఆ నెపం కొత్తగా పెట్టిన పెసల మీద వేసే ముందు నోటుపుస్తకంలో తేదీలు చూడండి.

## 9. తరచు ఎదురయ్యే చిక్కులు

కడుపుబ్బరం ఎక్కువైంది. అంతా మానేయకండి. క్రితం వారం మోతాదుకు వెళ్లి ఇంకో వారం అక్కడే ఆగండి.

మలబద్ధకం తగ్గకపోగా పెరిగింది. దాదాపు ఎప్పుడూ నీళ్లు చాలకే. ఇసబ్‌గోల్ వాడితే నిండు గ్లాసు నీళ్లతో, పడుకోబోయే ముందు కాకుండా తీసుకోవాలి. మింగడం కష్టమైనవారికి ఇవ్వకూడదు. థైరాయిడ్ వంటి మాత్రలకు దూరంగా ఉంచాలి. ఇసబ్‌గోల్‌ను బ్యాక్టీరియా పెద్దగా తినదు, విరేచనం సాఫీ చేస్తుంది గానీ పప్పుకు బదులు కాదు.

పెద్దాయన ససేమిరా అంటున్నారు. “మీ ఆరోగ్యం కోసం” అన్న మాటే ఎత్తకండి. ఆయనకు విడిగా గిన్నె పెట్టడమూ తప్పే. ఇంటిల్లిపాదికీ అదే వండండి.

పేగులు కడిగే పొడులు వాడుతున్నారు. ఇవి చాలావరకు సునాముఖి వంటి విరేచనకారులు. పెద్దలకు నీరు, లవణాలు పోయి కళ్లు తిరుగుతాయి. ఆపించండి.

ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే చీటీ:

- నీళ్లు వేళకు అందాయా?
- వేడిచేయని పెరుగు లేదా మజ్జిగ ఒకసారైనా?
- పొట్టు ఉన్న పప్పుధాన్యం ఒకటి?
- నిన్న తినని కూర ఒకటి?
- గుడ్డు, చేప, ముద్దపప్పుల్లో ఒకటి?
- పది నిమిషాల నడక?

## 10. చివరగా క్యాప్సూళ్లు, మల పరీక్షలు

మలం నమూనా పంపితే మీ పేగుల వయసు చెబుతామనే పరీక్షలకు డబ్బు పెట్టకండి. 18 నుంచి 101 ఏళ్ల దాకా తొమ్మిది వేలమందికి పైగా పరిశీలించిన 2021 నాటి అధ్యయనంలో, ఆరోగ్యంగా ముసలివారైనవారి పేగు బ్యాక్టీరియా ఒకరికొకరికి పోలిక లేనంత విలక్షణంగా మారుతూ పోయింది. అలాంటప్పుడు సగటుతో పోల్చి ఇచ్చే మార్కులకు పెద్దగా అర్థం లేదు.

జపాన్‌లో నూరేళ్లు దాటినవారి పేగుల్లో, హానికర క్రిములను అణచే ఒక ప్రత్యేక పిత్తామ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా కనిపించిందన్నది నిజం. 2017లో ఒక చిన్న చేప జాతిలో నడివయసు చేపలకు పడుచు చేపల పేగు బ్యాక్టీరియా ఎక్కిస్తే ఆయుష్షు పెరిగిందన్నదీ నిజం. ఈ రెండిటినీ చూపించి క్యాప్సూల్ అమ్మేవారిని, మనుషుల్లో ఆయుష్షు పెంచినట్టు రుజువు చూపించమనండి. యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయోటిక్ మిశ్రమం వేసుకున్నవారిలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైందని 2018 నాటి ఒక ప్రయోగం చూపింది కూడా.

ఫలానా జబ్బుకు డాక్టరు రాస్తే వేసుకోండి. డబ్బా మీద బ్యాక్టీరియా పూర్తి పేరు, సంఖ్య, గడువు తేదీ ఉన్నాయో చూడండి. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన సరుకును షాపువాడు ఎండలో పెట్టాడేమో గమనించండి. మొదలుపెట్టిన తేదీని నోటుపుస్తకంలో రాయండి. నాలుగు వారాల్లో మలం తీరులోగానీ కడుపుబ్బరంలోగానీ మార్పు లేకపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పి, రెండో డబ్బా కొనకుండా ఆ డబ్బుతో కిలో పెసలు, కిలో అలసందలు తెచ్చుకోండి.